సంకల్పం వస్తువును కదిలించగలదా?

మనిషి తన శరీరంతోగాని, ఏ పరికరంతోగాని తాకకుండా, కేవలం సంకల్పబలంతో తనకు దూరంగా ఉన్న వస్తువును కదిలించగలడా అన్న ప్రశ్న మతగ్రంథాల్లోనూ, దర్శనశాస్త్రాల్లోనూ, పందొమ్మిదో శతాబ్దం నుంచి ప్రయోగశాలల్లోనూ విచారణకు వస్తూనే ఉంది. అతీంద్రియజ్ఞానం వంటి అసాధారణ అనుభవాలను ప్రయోగపద్ధతిలో పరిశీలించడానికి పూనుకున్న పరామానసశాస్త్రం ఈ శక్తిని ‘సైకోకినిసిస్’ అంటుంది. తెలుగులో దానిని మనశ్చాలనం అనవచ్చు. ఈ ఒక్క ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. సంకల్పం వస్తువును కదిలించడం తర్కానికి సాధ్యమేనా అన్నది మొదటిది. అలా జరిగిందని నమ్మడానికి చాలిన ప్రమాణం ఉందా అన్నది రెండవది. జరిగినా దానివల్ల మనిషికి ఒరిగే శ్రేయస్సు ఏమిటన్నది మూడవది. సాధ్యమే గనుక జరిగే ఉంటుందని విశ్వాసి, జరిగినట్టు రుజువు లేదు గనుక అసాధ్యమని నాస్తికుడు, ఒక ప్రశ్నకు రావలసిన సమాధానాన్ని మరొకదానికి అంటగట్టడం వల్ల ఈ చర్చ తరచు ఎటూ తేలకుండా పోతుంది. భారతీయ దర్శనకారులు ఈ మూడింటినీ చాలావరకు విడివిడిగానే ఉంచారు. వారి విచారణను, ఆధునిక ప్రయోగాల ఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్కొక్క ప్రశ్నకు విడిగా సమాధానం చెప్పడం వీలవుతుంది.

మొదటి ప్రశ్నను విచారించడానికి అద్భుతాల జోలికి పోనక్కరలేదు. మనిషి తన చేతిని తాను ఎత్తడమే అందుకు చాలు. ఎత్తాలన్న కోరికకు బరువూ ఆకారమూ లేవు, ఎత్తిన చేతికి ఆ రెండూ ఉన్నాయి. మొదటిది రెండవదానిని ఎలా కదిలించిందన్న చిక్కు ప్రతి దర్శనానికీ ఎదురైంది. కణాదుని పేరిట ప్రసిద్ధమైన వైశేషిక సూత్రాల ఐదవ అధ్యాయం కర్మను, అంటే చలనాన్ని, చర్చకు తీసుకుని, చేతిలో పుట్టే చలనానికి ఆత్మసంయోగమూ ప్రయత్నమూ కారణాలని, ఆ చేయి పట్టుకున్న రోకలిలో పుట్టే చలనానికి చేతితో దానికున్న సంయోగం కారణమని విడదీసి చెప్పింది. ఇక్కడ ప్రయత్నం అంటే ఇచ్ఛ కలిగిన తరువాత ఆత్మలో పుట్టే ఒక గుణం. ఈ వివరణలో ఒక ఇబ్బంది ఉంది. న్యాయవైశేషికుల మతంలో ఆత్మ విభువు, అంటే అంతటా వ్యాపించినది, కాబట్టి దానికి తన చేతితో ఎంత సంయోగం ఉందో ఎదురుగా ఉన్న కుండతోనూ అంతే ఉంటుంది. అటువంటప్పుడు ప్రయత్నం చేతిని కదిలించి కుండను ఎందుకు వదిలేస్తుంది? జ్ఞానం, ఇచ్ఛ, ప్రయత్నం వంటి గుణాలు శరీరం హద్దుగా గల ఆత్మప్రదేశంలోనే పుడతాయని, ఏ శరీరం ఎవరిదన్నది వారి వారి పూర్వకర్మను బట్టి ఉంటుందని ఆ దర్శనం సమాధానం చెప్పుకొంది. ఆత్మను సర్వవ్యాపిగా ఒప్పుకున్నవారికి కూడా, సంకల్పం నేరుగా పనిచేసే చోటును మామూలు మనిషి విషయంలో శరీరానికి పరిమితం చేయక తప్పలేదన్నది ఇక్కడ గుర్తించవలసిన విషయం.

అదే అధ్యాయంలో సూది సూదంటురాయి వైపు జరగడం, మంట పైకి లేవడం, గాలి అడ్డంగా వీచడం వంటి చలనాలకు అదృష్టం కారణమని ఉంది. శాస్త్రపరిభాషలో అదృష్టం అంటే ధర్మాధర్మాల ఫలంగా నిలిచి ఉండే, కంటికి కనబడని కారణం. తాకకుండానే ఒక వస్తువు మరొకదానిని లాగడం ప్రాచీనులు కళ్ళారా చూసిన సత్యం. వారు దానిని కాదనలేదు, తమకు తెలిసిన తోపుడు, లాగుడులతో అతికించి సరిపెట్టనూ లేదు, కనబడని కారణం ఉందని ఒప్పుకుని ఊరుకున్నారు. అయస్కాంతత్వపు నియమాలు తెలిసిన తరువాత సూది విషయంలో అదృష్టంతో పని లేకుండా పోయింది. కారణం కనబడకపోవడం వేరు, కారణం మనస్సే కావడం వేరు. దూరం నుంచి కదిలినట్టు కనిపించిన ప్రతి వస్తువు వెనుకా సంకల్పాన్ని వెతికేవారు మరచిపోయేది ఈ భేదాన్నే.

సాంఖ్యులు ఈ చిక్కును మరోచోటికి మార్చారు. వారి లెక్కలో బుద్ధి, అహంకారం, మనస్సు మూడూ ప్రకృతి పరిణామాలే; రాయి, చెట్టు ఏ త్రిగుణాలతో ఏర్పడ్డాయో మనస్సూ వాటితోనే ఏర్పడింది; చైతన్యమే స్వరూపమైన పురుషుడు ఏ పనీ చేయని సాక్షి. అందువల్ల మనస్సు వస్తువును కదిలించడం వారికి ప్రకృతిలోని ఒక భాగం మరొక భాగాన్ని కదిలించడమే అవుతుంది. ఉదాసీనుడైన పురుషుని సన్నిధిలో ప్రకృతి ఎందుకు కదలాలన్నదే వారు విప్పవలసిన ముడి. ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారిక దీనికి కుంటివాడు, గుడ్డివాడు కలిసి ప్రయాణించే దృష్టాంతం చూపగా, బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయానికి రాసిన భాష్యంలో శంకరాచార్యులు దానినీ, దానికి తోడుగా వచ్చే అయస్కాంత దృష్టాంతాన్నీ ఖండించారు. కుంటివాడు కనీసం మాటలతో గుడ్డివానికి దారి చెబుతాడు, పురుషునికి ఆ పాటి వ్యాపారం కూడా లేదు. సూదంటురాయిలా కేవలం ఉనికితోనే కదిలిస్తాడంటే, ఆ ఉనికి నిత్యమైనది గనుక చలనమూ నిత్యం కావలసి వస్తుందని ఆయన వాదం. ఐరోపాలో రెనే డెకార్ట్ మనస్సును ఆలోచించే పదార్థంగా, శరీరాన్ని స్థలాన్ని ఆక్రమించే పదార్థంగా పూర్తిగా వేరుచేసినప్పుడు, బొహీమియా రాకుమారి ఎలిజబెత్ 1643లో ఆయనకు రాసిన లేఖలో దాదాపు ఇదే శంకను లేవనెత్తింది. వస్తువు కదలాలంటే దానిని ఏదో ఒకటి తోయాలి, తోయడానికి తాకాలి, తాకడానికి స్థలంలో వ్యాపించి ఉండాలి. ఇవేవీ లేని ఆత్మ శరీరాన్ని ఎలా కదిలిస్తుందన్న ఆ శంకకు డెకార్ట్ ఇచ్చిన జవాబులు ఆమెను తృప్తిపరచలేదు.

ఈ చర్చల సారాంశం ఏమిటంటే, సంకల్పం తన చేతిని ఎలా కదిలిస్తుందన్నదే పూర్తిగా తేలని స్థితిలో, అది చెంచాను కదిలించడం తర్కవిరుద్ధమని ముందే తీర్పు చెప్పడానికి ఎవరికీ అధికారం లేదు. మనశ్చాలనమన్న భావనలో గుండ్రని చతురస్రమన్న మాటలో ఉన్నటువంటి స్వవిరోధం లేదు. అయితే తర్కం దేనికైనా తలుపు తెరిచి ఉంచగలదే తప్ప ఆ తలుపులోంచి ఎవరైనా లోపలికి వచ్చారో లేదో చెప్పలేదు. చేయి కదలడంలో ఉన్న రహస్యాన్ని చూపి చెంచా కదలడాన్ని రుజువు చేసినట్టు భావించడం, ఒక తెలియని విషయాన్ని మరొక తెలియని విషయానికి సాక్షిగా నిలబెట్టడమే అవుతుంది.

మనశ్చాలనాన్ని సాధ్యమనడంతో ఆగక, దానికి ఒక పద్ధతిని కూడా చెప్పిన గ్రంథాల్లో పతంజలి యోగసూత్రాలు ముఖ్యమైనవి. ఆ గ్రంథంలోని మూడవదైన విభూతిపాదం ధారణ, ధ్యానం, సమాధి అన్న మూడింటినీ ఒకే విషయం మీద నిలపడాన్ని సంయమం అంటుంది. ధారణ అంటే చిత్తాన్ని ఒకచోట కట్టివేయడం, ధ్యానం అంటే ఆ ఒక్క భావమే ఎడతెగకుండా సాగడం, సమాధి అంటే ధ్యానించేవాడన్న స్ఫురణ కూడా తొలగి ధ్యేయం ఒక్కటే భాసించడం. పంచభూతాల స్థూలరూపం, కాఠిన్యం, ద్రవత్వం వంటి వాటి స్వరూపం, తన్మాత్రలనే సూక్ష్మరూపం, వాటిలో త్రిగుణాల అన్వయం, భోగమోక్షాలకు సాధనం కావడమనే ప్రయోజనం, ఈ ఐదింటి మీదా సంయమం చేసిన యోగికి భూతజయం కలుగుతుందని, దాని నుంచి అణిమాది సిద్ధులు వస్తాయని పతంజలి చెబుతాడు. వ్యాసభాష్యం ఎనిమిది సిద్ధులను వివరిస్తూ, భూతాలూ వాటితో ఏర్పడిన వస్తువులూ యోగికి వశం కావడాన్ని వశిత్వంగా, వాటి పుట్టుకను, లయాన్ని, అమరికను శాసించగలగడాన్ని ఈశిత్వంగా పేర్కొంటుంది. నేటి భాషలో మనశ్చాలనం అనదగినదానికి ఇవి అన్నిటికన్నా దగ్గరగా వస్తాయి. ఇందులో తర్కసంగతి లేకపోలేదు: మనస్సూ వస్తువూ ఒకే ప్రకృతి నుంచి వచ్చినవన్న సాంఖ్యసిద్ధాంతాన్ని అంగీకరించినవారికి, మూలాన్ని పట్టుకున్నవాడు కొమ్మలను కదిలించగలడనడం సహజంగానే తోస్తుంది.

అయినా ఆ భాష్యకారుడే వెంటనే ఒక హద్దు గీశాడు. సిద్ధి పొందిన యోగి సమర్థుడై ఉండి కూడా పదార్థాల క్రమాన్ని తలకిందులు చేయడని, ఎందుకంటే అతనికి ముందే సిద్ధుడైన ఈశ్వరుని సంకల్పం భూతాలను ఆ క్రమంలో నిలిపి ఉంచిందని ఆయన వివరణ. బ్రహ్మసూత్రాల చివరి పాదంలోనూ ఇటువంటి నియమమే కనిపిస్తుంది. సగుణోపాసన వల్ల బ్రహ్మలోకం చేరినవారికి సమస్త ఐశ్వర్యమూ లభిస్తుంది గాని జగత్తును నడిపే వ్యాపారం మాత్రం వారికి చెందదని శంకరభాష్యం స్పష్టం చేస్తుంది. ఒక్కొక్క సిద్ధుడూ తన ఇష్టప్రకారం వస్తువుల స్వభావాన్ని మార్చగలిగితే, ఇద్దరి సంకల్పాలు ఎదురైన చోట ఏది నెగ్గాలన్న ప్రశ్న వస్తుందని, అప్పుడు లోకానికి నియమమన్నదే ఉండదని ఈ ఆచార్యులు గ్రహించారు. ప్రకృతినియమం స్థిరమన్న ఆధునిక విజ్ఞానపు నమ్మకానికి వారి భాషలో ఉన్న రూపం ఇది.

సిద్ధులు ఉన్నాయా లేవా అన్న విషయంలో వైదికులంతా ఏకాభిప్రాయంతో లేరు. యోగశాస్త్రం చెప్పిన ఐశ్వర్యాన్ని కేవలం సాహసంతో తోసిపుచ్చరాదని, ఇప్పటివారి అసమర్థతను కొలబద్దగా చేసుకుని పూర్వఋషుల సామర్థ్యాన్ని లెక్కించరాదని శంకరాచార్యులు దేవతాధికరణంలో వాదించారు. వేదప్రామాణ్యాన్ని ఆయనంత గట్టిగానూ సమర్థించిన మీమాంసకుడు కుమారిలభట్టు మాత్రం యోగిప్రత్యక్షాన్ని, అంటే అతీంద్రియ విషయాలు యోగికి నేరుగా తెలుస్తాయన్న మాటను, అంగీకరించలేదు. అభ్యాసంతో ఇంద్రియశక్తి పెరగవచ్చు గాని అది తన పరిధిలోనే పెరుగుతుంది. కన్ను మరింత దూరం, మరింత సూక్ష్మంగా చూడగలదేమో గాని ఎంత సాధన చేసినా శబ్దాన్ని వినలేదన్నది శ్లోకవార్తికంలోని ఆయన వాదసరళి. ఆయన మాట్లాడింది జ్ఞానం గురించే అయినా, పరిమాణంలో పెరగడం వేరు, జాతి మారడం వేరు అన్న ఆ సూత్రం చలనానికీ వర్తిస్తుంది. ఏకాగ్రత వల్ల శ్వాస నెమ్మదించడం, అరచేయి వెచ్చబడటం శరీరంలో ఇప్పటికే ఉన్న మార్గాల గుండా జరిగే మార్పులు; ఎదుటి బల్లమీది చెంచా కదలడానికి అటువంటి మార్గమే లేదు. సిద్ధులను సందేహించడం పాశ్చాత్య నాస్తికుల నుంచి వచ్చిన అలవాటని భావించేవారికి కుమారిలుని ఉదాహరణ చాలిన సమాధానం.

బౌద్ధులు ఋద్ధిని, అంటే అలౌకికశక్తిని, ఒప్పుకుంటూనే దాని ప్రదర్శనను నిషేధించారు. వినయపిటకంలో ఉన్న కథ ప్రకారం, రాజగృహంలో ఒక శ్రేష్ఠి చందనపు పాత్రను ఎత్తైన వెదురు గడకు కట్టించి, శక్తి గలవారు తీసుకోవచ్చని ప్రకటించగా, పిండోల భారద్వాజుడనే భిక్షువు గాలిలోకి లేచి దానిని అందుకున్నాడు. జనం కేరింతలు కొడుతూ అతని వెంటపడ్డారు. బుద్ధుడు అతనిని కఠినంగా మందలించి, ఆ పాత్రను ముక్కలు చేయించి, గృహస్థుల ఎదుట అటువంటి శక్తులు చూపరాదని నియమం విధించాడు. దీఘనికాయంలోని కేవట్ట సుత్తం ఇంకా లోతుకు పోతుంది. భిక్షువుల చేత అద్భుతాలు చేయిస్తే నలందాలో జనులకు శ్రద్ధ పెరుగుతుందని ఒక గృహపతి కోరినప్పుడు, అద్భుతాన్ని చూసిన శ్రద్ధావంతుడు దానిని మరొకరికి చెబితే, వినేవాడు అది గాంధారీవిద్య అనే మంత్రం వల్ల జరిగిందని కొట్టిపారేయగలడని, అందుచేత అటువంటి ప్రదర్శన తనకు సిగ్గు కలిగిస్తుందని, మనిషిని మార్చే ఉపదేశమే నిజమైన ప్రాతిహార్యమని బుద్ధుడు బదులిస్తాడు. ప్రాతిహార్యం అంటే ఆశ్చర్యం కలిగించి మనస్సును మళ్ళించే కార్యం. అద్భుతం ఎంత గొప్పదైనా అది ఎలా జరిగిందన్న విషయంలో చూపరికి ఒకటికి మించిన వివరణలు మిగిలే ఉంటాయన్న ప్రమాణవిచారం ఈ సంభాషణలో దాగి ఉంది. ఆధునిక ప్రయోగాల చరిత్ర అంతా ఆ మిగిలిన వివరణలను ఒక్కొక్కటిగా తొలగించే ప్రయత్నమే.

ఆ చరిత్రకు మైకేల్ ఫారడే 1853లో లండన్‌లో చేసిన పరిశీలన తొలిమెట్టు. అప్పట్లో ఐరోపా అంతటా కొందరు బల్ల చుట్టూ కూర్చుని, చేతులు దానిమీద ఆనించి ఉంచితే అది దానంతట అదే తిరుగుతుందని, అది ఆత్మల పనో తెలియని శక్తి పనో అని నమ్మేవారు. ఫారడే బల్లకూ చేతులకూ మధ్య మెత్తని జిగురు ముద్దలతో వరుసగా అంటించిన అట్టలను ఉంచాడు. బల్ల ముందు కదిలితే కింది అట్ట, చేతులు ముందు కదిలితే పై అట్ట ఎక్కువగా జరగాలి. పై అట్టే ముందు జరిగింది. ఆ తరువాత చేతుల ఒత్తిడిని చూపే ఒక సూచికను అమర్చి, దానిని కూర్చున్నవారికి కనబడేలా ఉంచగానే బల్ల కదలడమే మానేసింది. వారిలో ఎవరూ మోసగాళ్ళు కారు. బల్ల కదులుతుందన్న ఎదురుచూపే వారికి తెలియకుండా వారి కండరాలను కదిలించింది. శరీరశాస్త్రవేత్త విలియం కార్పెంటర్ ఇటువంటి అనాలోచిత చలనానికి అంతకు ముందు సంవత్సరమే ‘ఐడియోమోటర్’ అన్న పేరు పెట్టాడు. సంకల్పం వస్తువును కదిలించిన మాట నిజమే, కాని చేతుల ద్వారా కదిలించింది. చేతుల యజమానికి ఆ సంగతి తెలియదు, అంతే.

ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె. బి. రైన్ 1934 నుంచి పాచికలతో ప్రయోగాలు చేసి, కోరుకున్న ముఖం యాదృచ్ఛికంగా పడవలసినదానికన్నా కొంచెం ఎక్కువసార్లు పడుతున్నదని 1943లో ప్రకటించాడు. పాచిక మీది చుక్కలను తొలిచి చేస్తారు గనుక ఆరు చుక్కల ముఖం కొద్దిగా తేలికై, అది పైకి తేలే అవకాశం ఎక్కువన్న విమర్శ రావడంతో పరిశోధకులు క్రమంగా యంత్రాల వైపు మళ్ళారు. హెల్ముట్ ష్మిట్ రేడియోధార్మిక క్షయం ఆధారంగా యాదృచ్ఛిక సంఖ్యలను పుట్టించే పరికరాన్ని తయారుచేశాడు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ ఆచార్యుడు రాబర్ట్ జాన్ 1979లో నెలకొల్పిన ప్రయోగశాల 2007లో మూతపడేవరకు ఇటువంటి పరికరాలతోనే పనిచేసింది. అక్కడ కనిపించిందన్న ప్రభావం పదివేలకు రెండు మూడు ఫలితాలు అటో ఇటో మొగ్గడం వంటిది. ఆ ప్రయోగశాల జర్మనీలోని ఫ్రైబుర్గ్, గీసెన్ నగరాల పరిశోధకులతో కలిసి అదే ప్రయోగాన్ని తిరిగి చేసి 2000లో వెల్లడించిన ఫలితాల్లో ఆ ప్రభావం నిలవలేదు. 2006లో బోష్, స్టైన్‌క్యాంప్, బోలర్ అనే ముగ్గురు 380 అధ్యయనాలను కలిపి విశ్లేషించి, చిన్న ప్రయోగాల్లో పెద్ద ప్రభావం, పెద్ద ప్రయోగాల్లో అతిచిన్న ప్రభావం కనబడుతున్నదని, విఫలమైన చిన్న ప్రయోగాలు ప్రచురణకు రాకపోవడమే దీనికి తగిన వివరణ కావచ్చునని అభిప్రాయపడ్డారు. నిజమైన శక్తి ఉంటే కొలత నిశితమయ్యేకొద్దీ అది స్పష్టం కావాలి. ఇక్కడ కొలత నిశితమయ్యేకొద్దీ అది కరిగిపోయింది.

వ్యక్తుల ప్రదర్శనలకు పట్టిన గతి ఇంకా సూటిగా ఉంటుంది. చెంచాలు వంచడంలో పేరుపొందిన యూరీ గెల్లర్ 1973లో అమెరికన్ టెలివిజన్ కార్యక్రమంలో, తన చేతికి ముందుగా అందని వస్తువులతో ఏమీ చేయలేకపోయాడు. ఆ ఏర్పాట్లకు సలహా ఇచ్చినవాడు ఐంద్రజాలికుడు జేమ్స్ రాండీ. ఆయనే ఇద్దరు యువ ఐంద్రజాలికులను సెయింట్ లూయీలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు పరామానస ప్రయోగశాలకు పంపగా, పరిశోధకులు వారిని చాలాకాలం శక్తిమంతులుగానే భావించారు. అసలు సంగతి 1983లో రాండీయే బయటపెట్టాడు. నియమాలకు లోబడి అలౌకికశక్తిని నిరూపించినవారికి ఆయన సంస్థ ఇస్తానన్న 10 లక్షల డాలర్ల బహుమానాన్ని 2015లో ఆ సవాలు ముగిసేవరకు ఎవరూ గెలుచుకోలేదు. శ్రీలంకలో స్థిరపడిన కేరళీయుడు అబ్రహాం కోవూరు 1963లో ప్రకటించిన లక్ష రూపాయల బహుమానానిదీ అదే కథ. విద్యావంతుడైన పరిశీలకుని కన్నా వృత్తి ఐంద్రజాలికుడు ఇటువంటి పరీక్షలకు మంచి కాపలాదారని ఈ ఉదంతాలు చూపుతాయి. ప్రకృతి పరిశోధకుణ్ణి మోసగించదు, మనిషి మోసగించగలడు.

ఈ చరిత్రలో తెలుగునేలకు కూడా పాత్ర ఉంది. డ్యూక్‌లో రైన్ వద్ద పనిచేసి వచ్చిన ఆచార్య కోనేరు రామకృష్ణారావు చొరవతో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లో మనస్తత్వ, పరామానసశాస్త్ర శాఖ ఏర్పడింది. ఆయన యోగసూత్రాలను, పాశ్చాత్య ప్రయోగపద్ధతిని ఒకచోట చేర్చి చైతన్యాన్ని అర్థం చేసుకోవాలని జీవితమంతా కృషి చేశారు. 1987లో ఆయన, జాన్ పామర్ కలిసి పరామానస ప్రయోగాలను సమర్థిస్తూ ఒక ప్రసిద్ధ శాస్త్రపత్రికలో సమీక్షవ్యాసం ప్రచురించగా, అదే సంచికలో కెనడా మనస్తత్వవేత్త జేమ్స్ ఆల్కాక్ ప్రతివాదం వచ్చింది. అసాధారణ విషయాన్ని నమ్మేవారు కూడా దానిని విమర్శకుల ఎదుట ప్రమాణానికి నిలబెట్టాలన్న ఆ పద్ధతి గౌరవించదగినది; అయితే ఏ ప్రయోగశాలలోనైనా, ఎవరు చేసినా మళ్ళీ మళ్ళీ వచ్చే ఫలితం ఆ రంగం ఇంతవరకు చూపలేకపోయింది.

భౌతికశాస్త్రం వైపు నుంచి చూస్తే అడ్డంకి శక్తి చాలకపోవడంలో లేదు. పది గ్రాముల చెంచాను ఒక సెంటీమీటరు ఎత్తడానికి జూలులో వెయ్యవ వంతు శక్తి సరిపోతుంది. మనిషి మెదడు సెకనుకు దాదాపు 20 జూళ్ళు ఖర్చుచేస్తుంది. లేనిది ఆ శక్తి చెంచాను చేరే దారి. మెదడులోని విద్యుత్ప్రవాహాల వల్ల తలవెలుపల ఏర్పడే అయస్కాంత క్షేత్రం భూమి అయస్కాంత క్షేత్రం కన్నా కోట్ల రెట్లు బలహీనమైనది, దానిని గుర్తించడానికే బయటి క్షేత్రాలు చొరబడని ప్రత్యేకమైన గది కావాలి. క్వాంటం సిద్ధాంతంలో పరిశీలకుని ప్రస్తావన ఉంది గనుక మనస్సు పదార్థాన్ని నడుపుతుందని కొందరు చెప్పే మాట కూడా నిలవదు; కొలతలో ఏ ఫలితం ఎంత సంభావ్యతతో వస్తుందో ఆ సిద్ధాంతం నిర్ణయిస్తుంది, ఆ సంభావ్యతను పరిశీలకుని కోరిక మార్చుతుందని అది ఎక్కడా చెప్పదు. దారి వేసినచోట మాత్రం ఫలితం వెంటనే కనిపిస్తుంది. పక్షవాతంతో కాళ్ళూ చేతులూ కదపలేని ఒక మహిళ, తన మెదడులో అమర్చిన 96 ఎలక్ట్రోడ్ల చిప్పు ద్వారా యంత్రహస్తాన్ని నడిపించి తానే సీసా ఎత్తి కాఫీ తాగిన వైనాన్ని 2012లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. సంకల్పం నాడీసంకేతంగా, సంకేతం తీగల గుండా కంప్యూటరుకు, అక్కడి నుంచి మోటారుకు చేరింది. చేతికి ప్రయత్నం, రోకలికి చేతి సంయోగం అని వైశేషికులు చెప్పిన వరుస ఇక్కడా తెగలేదు, మధ్యలో మరికొన్ని లంకెలు చేరాయి.

ప్రమాణం లేని నమ్మకాన్ని హానిలేని వినోదంగా వదిలేయవచ్చునని కొందరు అనవచ్చు. కాని దూరం నుంచి సంకల్పం వస్తువును కదిలించగలదన్న సూత్రాన్ని ఒప్పుకుంటే, దూరం నుంచి ద్వేషం మనిషిని చంపగలదన్న మాటను కాదనడానికి ఆధారం మిగలదు. తెలుగునాట చేతబడి, బాణామతి అన్న నమ్మకాల పునాది ఇదే. ఇంటిమీద రాళ్ళు పడటం, దండెం మీది బట్టలు వాటంతట అవే అంటుకోవడం బాణామతి లక్షణాలుగా చెబుతారు; పరామానసశాస్త్రంలోనూ ఇటువంటి ఘటనలను ఎవరో ఒకరి అచేతన మనశ్శక్తికి ఆపాదించినవారు ఉన్నారు. పల్లెల్లో ఆ ఆపాదన సిద్ధాంతచర్చగా ఆగలేదు. మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో నిరుపేదలను, ఒంటరి స్త్రీలను, వృద్ధులను కొట్టడం, మంత్రం ఉచ్చరించకుండా పళ్ళు ఊడగొట్టడం, చంపడం వరకూ వెళ్ళిన దారుణాలు తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల్లో జరిగాయి. గోరా 1940లో ముదునూరులో స్థాపించగా తరువాత విజయవాడకు మారిన నాస్తిక కేంద్రం వంటి సంస్థలు, వైద్యులు, హేతువాదులు ఇటువంటి మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా ఊరూరా పనిచేయవలసి వచ్చింది. సిద్ధపురుషుని వేదిక మీద చప్పట్లు అందుకునే సూత్రమూ, పొరుగింటి ముసలమ్మను నిందితురాలిని చేసే సూత్రమూ ఒక్కటే.

ఇక మూడవ ప్రశ్న మిగిలింది: ఒకవేళ ఎవరైనా చెంచాను నిజంగానే కదిలిస్తే దానివల్ల ఒరిగేదేమిటి? విభూతుల జాబితాను అంత వివరంగా ఇచ్చిన పతంజలి, వాటిలో కొన్ని లోకవ్యవహారంలో సిద్ధులుగా కనబడినా సమాధికి విఘ్నాలేనని అదే పాదంలో హెచ్చరించాడు. వాటిమీద కూడా విరక్తి కలిగితేనే కైవల్యమని తేల్చాడు. పుట్టుకవల్ల, ఓషధులవల్ల, మంత్రాలవల్ల కూడా సిద్ధులు రావచ్చునని చెప్పడం ద్వారా, సిద్ధి ఉన్నంతమాత్రాన జ్ఞానం ఉన్నట్టు కాదని కూడా ఆయన సూచించాడు. ఏళ్ళ తరబడి తపస్సు చేసి నది మీద నడవడం నేర్చిన వానితో, పడవవాడికి ఒక్క పైసా ఇస్తే ఆ పని అయ్యేదని అన్నట్టు రామకృష్ణ పరమహంస చెప్పే కథలో ఉన్నదీ ఈ తీర్పే. వస్తువును కదిలించడం ఒక బలం. బలం ఎంత పెరిగినా దానిని వాడేవాని రాగద్వేషాలు తగ్గవు. మనస్సుకు ఉన్న అసలైన పని తనను తాను నిగ్రహించుకోవడమని యోగం, బౌద్ధం, వేదాంతం మూడూ తమ తమ మార్గాల్లో అంగీకరించాయి, ఆ పనికి చెంచా అవసరం లేదు.

కాబట్టి మూడు ప్రశ్నలకూ సమాధానాలు ఇలా తేలుతాయి. సంకల్పం దూరవస్తువును కదిలించడం తర్కానికి విరుద్ధం కాదు. అది జరుగుతుందనడానికి పరీక్షకు నిలిచిన ప్రమాణం ఒక్కటీ లేదు. జరిగినా అది ముక్తికిగాని, సద్వర్తనకుగాని సాధనం కాదు. ప్రత్యక్షంగా చూపగలనని చెప్పినవాడు ప్రత్యక్షప్రమాణానికి లోబడవలసిందే. వేదిక మీద వస్తువును చూపి, పరీక్ష అనగానే శాస్త్రం వెనుక దాక్కోవడానికి ఏ శాస్త్రమూ అనుమతి ఇవ్వలేదు. అటువంటివానికి పాఠకుడు వేయవలసిన ప్రశ్నలు రెండే: ఇతరులు ఎంచి తెచ్చిన వస్తువుతో, ఇతరులు పెట్టిన నియమాల్లో ఇది చేసి చూపగలవా? చూపగలిగితే, దానివల్ల నీలోగాని ఎదుటివారిలోగాని ఏ గుణం మెరుగుపడింది? ఈ రెండింటికీ జవాబు దొరికేవరకు నమ్మకుండా ఉండటం శ్రద్ధకు లోటు కాదు, ప్రమాణవిచారం నేర్పిన మన దర్శనాలకు అది విధేయతే.